నౌన్లకు చప్పట్లు కొట్టించిన ఏళ్లు

చిక్కడపల్లి మార్కెట్లో బెండకాయలు ఏరుకుంటూ ఉంటే ఇప్పటికీ ఎవరో ఒకరు వెనక నుంచి "నౌన్ మేడం, బాగున్నరా?" అని పలకరిస్తారు. తిరిగి చూస్తే తహసీలు ఆఫీసులో పనిచేసే మనిషో, కానిస్టేబులో, ఇంకా పరీక్షలు రాస్తూనే ఉన్న పాత స్టూడెంటో అయి ఉంటారు. నా అసలు పేరు వాళ్లలో చాలామందికి తెలియదు. నాకేం పట్టింపు లేదు. ముప్పై మూడేళ్లు ఇంగ్లీషు గ్రామర్ చెప్పాను. కోచింగ్‌లో ఏ బ్యాచ్ అయినా నౌన్లతోనే మొదలవుతుంది. టెన్సుల దగ్గరికి వచ్చేసరికి సగం బెంచీలు ఖాళీ అవుతాయి, పాసివ్ వాయిస్ నాటికి ఫ్యాను గాలికి నేనూ ముందు వరసా మాత్రమే మిగులుతాం. కాబట్టి నా దగ్గర నౌన్లు విన్నవాళ్లు వేలమంది. మిగతా గ్రామర్ విన్నవాళ్లు కొద్దిమందే. ఆ పేరు అట్లా స్థిరపడింది.

నేను రిటైరయ్యాక, సెంటర్లలో ఇంగ్లీషు చెప్పడానికి కొత్తగా చేరిన కుర్ర టీచర్లు కొందరు మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగి, నోట్‌బుక్ తెరిచి, "టిప్స్ చెప్పండి మేడం" అంటారు. నా దగ్గర టిప్స్ లేవు నాయనా. నేను చేసిన ఒక పెద్ద తప్పు ఉంది. అది పూర్తిగా చెప్తాను, కావాలంటే రాసుకోండి.

నారాయణగూడ బడిలో

మొదటి ఉద్యోగం నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడి. నాకప్పుడు ఇరవై మూడు. చీర కుచ్చిళ్లు సరిగ్గా రాకపోయినా గొంతు మాత్రం గట్టిగా ఉండేది. ఏడో తరగతికి నౌన్ల పాఠం మొదలుపెట్టాను. ఒక్కరికే చెందిన పేరు ప్రాపర్ నౌన్, ఆ జాతి మొత్తానికి చెందిన పేరు కామన్ నౌన్, గుంపుకు కలెక్టివ్ నౌన్, వస్తువు తయారయ్యే పదార్థానికి మెటీరియల్ నౌన్, కంటికి కనపడని గుణానికీ భావానికీ అబ్‌స్ట్రాక్ట్ నౌన్. బోర్డు మీద అయిదు రంగుల సుద్దలతో అయిదు డబ్బాలు గీశాను. ఎంత చక్కగా చెప్పానో అని నాకే ముచ్చటేసింది.

మా హెడ్మిస్ట్రెస్ సుభద్రమ్మ గారు వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. పీరియడ్ మొత్తంలో ఆవిడ నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. పక్కనున్న పిల్ల నోట్‌బుక్ తీసుకుని అదే చదువుతూ కూర్చున్నారు. నాకు ఒళ్లు మండింది. బెల్లు కొట్టాక పిలిచి, "బాగ చెప్తున్నవమ్మా. ఆ పిల్ల ఏం రాసుకుందో చూసినవా?" అని అడిగారు.

చూడలేదు. ఆవిడ ఆ పిల్లను పిలిచి, "నీ పేరు ఏ నౌన్ బిడ్డా?" అని అడిగారు. ఆ పిల్ల తడుముకోకుండా కామన్ నౌన్ అంది. ఎందుకని అడిగితే, బోర్డు మీద ప్రాపర్ నౌన్ డబ్బాలో గంగ, హిమాలయం రాశారట, అవి గొప్పవట, తను మామూలు పిల్లేనట. నాకు నవ్వొచ్చింది. సుభద్రమ్మ గారు నవ్వలేదు. వారం రోజులు ఆ పిల్ల పక్కన కూర్చుని, తను రాసేది చూస్తూ పాఠం చెప్పమన్నారు. అవమానంగా అనిపించినా చెప్పాను. మన నోట్లోంచి వెళ్లేది ఒకటి, పిల్ల పుస్తకంలోకి చేరేది ఇంకొకటి అని ఆ వారంలో అర్థమైంది. పద్దెనిమిదేళ్లు ఆ సంగతి మర్చిపోలేదు. ఆ తర్వాత మర్చిపోయాను.

అశోక్‌నగర్ కిటికీలు

బడి వదిలి అశోక్‌నగర్‌లో సర్కారు ఉద్యోగాల కోచింగ్ సెంటరుకు వెళ్లింది జీతం కోసమే. అందులో దాచేదేముంది? అయితే ఆ సందులంటే నాకు ప్రాణం పెట్టేంత ఇష్టం కలిగింది. ప్రతి మేడ మీద ఒక హాస్టల్, దాని కింద ఒక జిరాక్స్ షాపు, దాని పక్కన ఒక చాయ్ బండి. బండి దగ్గర నిలబడి ఒకరికొకరు రాజ్యాంగ అధికరణాలు అప్పజెప్పుకునేవాళ్లు. లైబ్రరీ తలుపు తీయకముందే మెట్ల మీద సంచులు వరసగా ఉండేవి, సంచి ఉంటే సీటు ఉన్నట్టే. పొద్దున ఆ దారిలో నడిస్తే ఒక కిటికీలోంచి పానిపట్టు యుద్ధం వినపడేది, ఇంకో కిటికీలోంచి శాతాలు, మా కిటికీలోంచి నౌన్లు. నల్లగొండ నుంచి, ఆదిలాబాద్ నుంచి, పాలమూరు నుంచి వచ్చిన పిల్లలు. అందరి మొహాల మీదా ఒకే ఆశ, అందరి చేతుల్లో ఒకే రకం ప్లాస్టిక్ ఫోల్డరు.

మా డైరెక్టర్ సారు ఆ వీధి నాడి తెలిసిన మనిషి. అక్కడ ఒక పద్ధతి ఉంది. ఏ సెంటరైనా మొదటి క్లాసు ఉచితం, దాన్ని డెమో అంటారు. పిల్లలు నాలుగు సెంటర్ల డెమోలు విని ఎక్కడ నచ్చితే అక్కడ చేరతారు. నేను మొదటి డెమోలో శ్రద్ధగా పాఠం చెప్పాను. చేరినవాళ్లు పదిమంది కూడా లేరు. సారు నన్ను పక్కకు పిలిచి, "మేడం, డెమోల నేర్పొద్దు. నమ్మియ్యాలె. నేర్పుడు తర్వాత సంగతి" అన్నారు.

ఆయన్ని తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే నమ్మించే ఉపాయం వెతికాను. అదే చప్పట్ల పట్టిక. రెండు వందల నలభై ఇంగ్లీషు మాటలు ఏరి అయిదు రకాలుగా విడగొట్టాను. నేను ఒక మాట అరుస్తాను. అది ప్రాపర్ నౌన్ అయితే ఒక చప్పట, కామన్ నౌన్ అయితే రెండు, కలెక్టివ్ నౌన్ అయితే రెండు చేతులూ పైకి ఎత్తి కలపాలి, మెటీరియల్ నౌన్ అయితే బెంచీ మీద దరువు, అబ్‌స్ట్రాక్ట్ నౌన్ అయితే గుండె మీద చెయ్యి. మూడొందల మంది ఒక్కసారిగా బెంచీ కొడితే కింద చాయ్ బండి దగ్గర గ్లాసులు కదిలేవట. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి పైకి చూసేవాళ్లు. సెంటరు నిండిపోయింది. పక్క సెంటరు వాళ్లు కూడా నన్ను తమ దగ్గరికి రమ్మని కబురు పెట్టారు. అదంతా నా తలకెక్కిందని ఒప్పుకుంటున్నాను.

ఆ పట్టిక తప్పు కాదు. మొదటి వారం భయం పోగొట్టడానికి దాన్ని మించింది లేదు, ఇప్పటికీ అంటాను. నేను దాన్ని రెండో వారంలో ఆపకపోవడమే తప్పు.

బాలమణి

ఒక బ్యాచ్‌లో మూడో వరసలో బాలమణి అనే అమ్మాయి కూర్చునేది. ఇరవై అయిదు, ఇరవై ఆరేళ్లుంటాయి. పాలమూరు వైపు పల్లె, తెలుగు మీడియం డిగ్రీ. తండ్రి లేడు. తల్లి జంగమ్మ ఇళ్లు కట్టే చోట తట్ట మోస్తుంది. ఇద్దరూ అంబర్‌పేటలో ఒక బస్తీలో చిన్న గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్లు. అంతకుముందు బాలమణి కూడా తల్లితో పాటు పనికి పోయేది. పరీక్ష రాస్తానంటే తల్లి ఒక ఏడాది గడువిచ్చింది. "నా వంతు పని గూడ అమ్మనే జేస్తది మేడం, ఏడాది దాక" అని చెప్పింది నాతో మొదటి రోజే. ఉద్యోగం వస్తే ఇద్దరూ కూలి పని మానెయ్యాలని ఆమె పట్టుదల. తల్లికి అప్పటికే మోకాళ్లు పోతున్నాయి.

ఆ పట్టికంతా బాలమణి ఎనిమిది రోజుల్లో కంఠతా పట్టేసింది. నేను ఎంత వేగంగా అరిచినా చప్పట తప్పేది కాదు. డైరెక్టర్ సారు తలుపు దగ్గర నిలబడి చూశారు. తర్వాతి డెమోలో ఆమెను స్టేజీ మీదికి పిలవమన్నారు. ఆ రోజు నుంచి ఫీజు మాఫీ. ఇక ఆ అమ్మాయి కాదనలేదు కదా.

ప్రతి డెమోకూ పిలిచాను. ఆమెను పక్కన నిలబెట్టి నలభై మాటలు గుక్క తిప్పుకోకుండా అరిచేదాన్ని. ఆమె చేతులు ఆడుతుంటే హాలంతా ఈలలు. చివర్లో మైకు పట్టుకుని, "ఈమె తెలుగు మీడియం. ఈమెకు వచ్చింది, మీకు రాదా?" అనేదాన్ని. కౌంటర్ దగ్గర క్యూ కట్టేవాళ్లు. డెమోలు పెట్టే వేళకే ఆమె బ్యాచ్‌కు వాక్యాలు రాయడం, ఉత్తరాలు రాయడం క్లాసులు జరిగేవి. అవి ఆమెకు తప్పిపోయేవి. తర్వాత చెప్తాలే అనేదాన్ని. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

ఒక మధ్యాహ్నం డెమోకు పది నిమిషాల ముందు నేనూ బాలమణీ స్టాఫ్ రూంలో కూర్చుని ఉన్నాం. ఊరికే కబుర్లాడుతూ, నిన్న అంగట్లో ఏం కొన్నావో ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పమన్నాను. ఆమె నావైపు చూసింది. పెదాలు కదిలాయి. చివరికి "రైస్. మెటీరియల్ నౌన్" అని, అలవాటుగా బల్ల మీద దరువు వేసింది. వాక్యం చెప్పమన్నాను. తల దించుకుంది. "నేను బియ్యం కొన్నాను" అనే మూడు మాటల ముక్క ఇంగ్లీషులో చెప్పలేకపోయింది.

నాకు అంతా తెలిసిపోయింది ఆ క్షణంలో. ఆ అమ్మాయికి రెండు వందల నలభై మాటలు ఏ డబ్బాలో వెయ్యాలో తెలుసు, ఒక్కదాన్ని బయటికి తీసి వాడటం తెలియదు. సుభద్రమ్మ గారు ఉంటే చెవి మెలేసేవారు. నేనేం చేశాను? గడియారం చూసి, "సరే, తర్వాత చూద్దాం. పద, హాలు నిండింది" అన్నాను.

ఆమె రాసిన పరీక్షలో ఇంగ్లీషు అర్హత పేపరు. అందులో తప్పితే మిగతా పేపర్లు చూడరు. పేపర్లో ఎక్కడా ఇది ఏ రకం నౌన్ అని అడగలేదు. ఒక ఉత్తరం రాయమన్నారు, ఒక పేరా ఇచ్చి క్లుప్తంగా రాయమన్నారు. బాలమణి ఇంగ్లీషులో తప్పింది. చరిత్ర, ఎకానమీ అన్నీ చదువుకున్న మనిషి. అవన్నీ ఎవరూ చూడకుండానే మూలకు పోయాయి.

వచ్చి స్టాఫ్ రూం గుమ్మంలో నిలబడి సంగతి చెప్పింది. ఏం ఫర్వాలేదు, మళ్లీ రాయొచ్చులే అన్నాను, బస్సు పోతే ఇంకో బస్సు వస్తుందన్నంత తేలిగ్గా. సరే మేడం అని వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు. డైరెక్టర్ సారు వచ్చి, "ఆ చప్పట్ల పిల్ల ఏది మేడం? ఎల్లుండి డెమో ఉన్నది" అన్నారు. నా మనసులో కూడా ఆమె పేరు చప్పట్ల పిల్లే అని ఆయన నోటి వెంట విన్నాకే తెలిసింది. ఆ రోజు సాయంత్రమే రిజిస్టర్‌లోంచి అడ్రస్ రాసుకున్నాను.

అంబర్‌పేట అడ్డా

మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి బస్తీకి పోతే గదికి తాళం వేసి ఉంది. పక్కింటామె అడ్డా మీదికి పోయారని చెప్పింది. అడ్డా అంటే కూలి పని కోసం నిలబడే చౌరస్తా. మేస్త్రీలు వచ్చి ఎంతమంది కావాలో చెప్పి తీసుకుపోతారు. నేను వెళ్లేసరికి చీరల మీద మగవాళ్ల చొక్కాలు తొడుక్కుని, టిఫిన్ డబ్బాలు పట్టుకుని ఒక ముప్పై మంది ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లలో బాలమణి ఉంది. పక్కన సన్నగా, వంగిన మోకాళ్లతో జంగమ్మ.

నన్ను చూసి బాలమణి ఏం కంగారు పడలేదు. జంగమ్మే పరుగున వచ్చి, "మేడం, ఎండల నిలవడకుండ్రి, ఇట్ల నీడకు రండ్రి" అని ఒక షట్టరు కిందికి తీసుకుపోయింది. నన్ను తిట్టి ఉంటే తేలికయ్యేది. సెంటరుకు ఎందుకు రావడం లేదని అడిగాను, నాకు తెలియనట్టు. గడువు అయిపోయిందని చెప్పింది బాలమణి. ఇంకో ఏడాది అమ్మతో ఇద్దరి పని చేయించలేనంది. ఆ వెంటనే అడిగింది:

"మేడం, నాకు అర్థమైత లేదని మీకు అప్పుడే తెల్సా?"

ముప్పై మూడేళ్లలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. తెలియదమ్మా అంటే అక్కడితో అయిపోయేది, ఆమె నమ్మేది కూడా. జంగమ్మ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

"తెల్సు" అన్నాను. "ఆ రోజు స్టాఫ్ రూంల తెల్సింది. తెల్సి కూడ నిన్ను స్టేజీ ఎక్కించిన. తప్పు చేసిన బాలమణి."

మేస్త్రీ వచ్చి నలుగురు కావాలని కేక వేశాడు. జంగమ్మ కదిలింది. బాలమణి టిఫిన్ డబ్బా తల్లి చేతికిచ్చి, నావైపు తిరిగింది.

"మల్ల చెప్తరా? ఆదివారాలు మాకు పని ఉండది. ఇంకొక్కసారి రాస్త, అంతే. కని ఈపారి నాకు అర్థం కాకుంటె చప్పట్లు గొట్టియ్యకుండ్రి. ఆపుండ్రి నన్ను."

అని పరుగెత్తి ఆటో ట్రాలీ ఎక్కింది. నేను ఆ షట్టరు కింద నిలబడి ఏడ్చాను. ఎవరో టీ తెచ్చిచ్చారు.

ఆదివారాలు

చిక్కడపల్లిలో మా ఇంటి వరండాలో చాప వేసుకుని మొదలుపెట్టాం. పట్టిక జోలికి పోలేదు. ఆ వారంలో పని దగ్గర ఏం జరిగిందో చెప్పమనేదాన్ని, మొదట తెలుగులో, తర్వాత ఒక్కొక్క ముక్క ఇంగ్లీషులో. మొదటి ఆదివారమే నాకు బుద్ధొచ్చింది. లెక్కపెట్టే నౌన్లూ, లెక్కపెట్టలేని నౌన్లూ చెప్పబోతున్నాను. ఏళ్ల తరబడి నేను పుస్తకంలో ఉన్న ఉదాహరణలే చెప్పేదాన్ని. ఆమె ఆపి, ఇటుకలు ట్రాలీలోంచి దింపేటప్పుడు లెక్కపెట్టి దింపుతారని, ఇసుకను ఎవరూ లెక్కపెట్టరని, తట్టలతో కొలుస్తారని చెప్పింది. సిమెంటు కూడా అంతే, బస్తాలే లెక్క. అంతే కదా మేడం అంది. అంతే. ఆ ఒక్క సంగతి బోర్డు మీద చెప్పడానికి నేను రెండు గంటలు తీసుకునేదాన్ని. ఆమెకు అది పదేళ్ల నుంచి తెలుసు. ఆమెకు తెలిసినదాని దగ్గరికి నేను ఏనాడూ పోలేదు.

అట్లా సాగింది. పనికి రాలేనని మేస్త్రీకి ఇంగ్లీషులో చిట్టీ, గోడ ఎందుకు పగిలిందో ఇంటి యజమానికి ఉత్తరం, తాపీ పని చేసే ఒక ముసలాయన గురించి పేరా. తప్పులు బోలెడు. నా కోపం సంగతి తెలుసు కదా, ఒకటి రెండుసార్లు పెన్ను విసిరేశాను. ఆమె తీసి మళ్లీ నా చేతికిచ్చేది. నాకు అర్థం కాలేదు మేడం అని మొహమాటం లేకుండా చెప్పేది. ఆ మాట నా క్లాసుల్లో ఎవరూ అనేవాళ్లు కాదని అప్పుడే గమనించాను. మూడొందల మంది బెంచీలు కొడుతుంటే ఎవరు మాత్రం చెయ్యెత్తి అర్థం కాలేదంటారు?

సెంటరులో కూడా డెమో మార్చాను. చప్పట్లు పదిహేను నిమిషాలు, తర్వాత అందరి చేతా కాగితం మీద రెండు వాక్యాలు రాయించి, బెంచీల మధ్య తిరిగి చదివేదాన్ని. అడ్మిషన్లు తగ్గాయి. డైరెక్టర్ సారు నాతో గట్టిగానే పోట్లాడారు. నేనూ తగ్గలేదు. ఆయన డెమోలు ఒక కుర్ర సారుకు అప్పగించి, నన్ను మామూలు బ్యాచ్‌లకే పరిమితం చేశారు. నొచ్చుకున్నాను. మైకు పట్టుకున్న చేతికి అది లేకపోతే వెలితిగా ఉంటుంది. ఆయన్ని ఇప్పటికీ చెడ్డవాడనను. ఆయన పని హాలు నింపడం, నా పని అందులో కూర్చున్నవాళ్లకు నేర్పడం. నేను ఆయన పని కూడా నెత్తిన వేసుకుని నా పని వదిలేశాను.

కొత్తగా వచ్చిన మీకు చెప్పేది కూడా అదే. మీ క్లాసులో అందరూ ఉత్సాహంగా ఉన్న రోజున ఇంటికి పోయి సంబరపడకండి. ఎవరిదో ఒకరి నోట్‌బుక్ తీసుకుని చదవండి.

గాంధీనగర్‌లో స్లాబు

నోటిఫికేషన్ కోసం ఏడాదికి పైగా ఎదురుచూశాం. జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగాలు. బాలమణి రాసింది. ఇంగ్లీషు ఎట్లా రాశావంటే, తెలిసింది రాసిన, తెల్వంది వదిలేసిన అంది. ఫలితాలు ఇవాళ రేపు అంటూ నెలలు గడిచాయి. ఈలోగా నేను రిటైరయ్యాను. జంగమ్మ మోకాళ్లకు పట్టీలు కట్టుకుని పనికి పోతూనే ఉంది. ఈసారి కూడా రాకపోతే ఇక పరీక్షల ఊసెత్తనని బాలమణి తల్లికి మాటిచ్చింది. ఆ సంగతి నాకు తెలుసు. రోజూ పొద్దున పేపరు రాగానే ముందు ఫలితాల వార్త కోసం వెతికేదాన్ని.

ఒక సాయంత్రం అయిదు గంటలకు తలుపు కొట్టారు. తీస్తే బాలమణి. చీర మీద పాత చొక్కా, మోచేతుల దాకా ఎండిన సిమెంటు. గాంధీనగర్‌లో స్లాబు పని నడుస్తోందని అంతకుముందు ఆదివారమే చెప్పింది. అక్కడి నుంచి నడుచుకుంటూ వచ్చింది. మాట్లాడకుండా ఫోను నా చేతిలో పెట్టింది. హాల్ టికెట్ నంబరు ఆమెది నాకూ కంఠతా వచ్చు. ఎంపికైన వాళ్ల జాబితాలో ఉంది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. ఉంది.

ఆ సిమెంటు చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకున్నాను. తప్పు చేసిన నా దగ్గరికి మొదట వచ్చి చెప్తోందని గుర్తొచ్చి, అమ్మకు చెప్పావా అని అడిగాను.

"ఇంక చెప్పలే మేడం" అంది. "అమ్మ తట్ట మోస్తున్నది. సందు ఇరుకు, మిషన్ రాలే, నిచ్చెన మీదికెల్లే మోస్తున్నరు. ఇప్పుడు చెప్తె కాలు నిలవది. దిగినంక చెప్త."

ఎవరికో ఒకరికి చెప్పకపోతే తనకు ఊపిరాడేలా లేదట. అందుకే మేస్త్రీని అరగంట అడిగి వచ్చిందట. చెప్పులు వేసుకుని నేనూ బయల్దేరాను.

ఆ సందు నిజంగానే ఇరుకు. రెండంతస్తుల పైన స్లాబు పోస్తున్నారు. స్లాబు మొదలుపెట్టాక మధ్యలో ఆపరు, ఆపితే అక్కడ అతుకు పడి నీళ్లు కారతాయి. కర్రల నిచ్చెన మీద మనుషులు వరసగా కాంక్రీటు తట్టలు మోసుకుంటూ ఎక్కుతున్నారు, ఖాళీ తట్టలతో దిగుతున్నారు. బాలమణి తన తట్ట తీసుకుని మళ్లీ వరసలో చేరింది. నేను ఇటుకల దొంతి పక్కన నిలబడ్డాను. జంగమ్మ ప్రతి మెట్టుకూ ఆగి, మోకాలి మీద చెయ్యి ఆనించి ఎక్కుతోంది. ఆమె వెనకే బాలమణి. తల్లి ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతోంది. ఆ వార్త మోస్తూ అట్లా ఎన్నిసార్లు ఎక్కి దిగిందో నేను లెక్కపెట్టలేదు. నేనైతే సందు మొదట్లోనే అరిచి చెప్పేసేదాన్ని.

పొద్దు గుంకక ముందే పని ముగిసింది. జంగమ్మ చివరి మెట్టు దిగి, రెండు కాళ్లూ నేల మీద పెట్టి, తట్ట కింద పెట్టింది. నన్ను చూసి, మేడం మీరిక్కడేంది అని అడగబోయింది. బాలమణి ముందుకు వచ్చి తల్లి రెండు భుజాలూ పట్టుకుంది.

"అమ్మా, నాకు నౌకరి వచ్చింది."

జంగమ్మ నావైపు చూసింది, నిజమేనా అన్నట్టు. తలూపాను. ఆమె నవ్వలేదు, ఏడవలేదు. బిడ్డ మొహాన్నే చూస్తూ మెల్లగా అంది.

"అయితె రేపటి సంది నువ్వు పనికి రావు."

"నువ్వు గూడ రావు" అంది బాలమణి.

జంగమ్మ తట్ట బోర్లించి దాని మీద కూర్చుంది.